పాకాలలో నిద్రపోయిన వైఫై

ఇంటింటికీ తిరిగి నెట్ బాగుచేసే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు చిత్తూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, "మీ అనుభవం చెప్పండి సార్" అంటారు. చెప్పడం మొదలుపెట్టిన పది నిమిషాలకు ఫోన్లు చూసుకుంటారు. అందుకని రాస్తున్నాను. కాగితం మీదైతే మీరు ఎక్కడ ఆవులించారో నాకు తెలియదు.

నా పేరు మునిరత్నం. మొదట టెలిఫోన్ లైన్లు, తర్వాత టీవీ కేబుల్, చివరి పన్నెండేళ్ళు ఇంటి ఇంటర్నెట్. తిరుపతి, చిత్తూరు, మధ్యలో ఉన్న ఊళ్ళన్నీ బండి మీదే తిరిగాను. నాకు వచ్చిన ప్రమోషన్లు రెండు, రానివి నాలుగు. ఆ ఆరింటి గురించీ మా ఆవిడ బంధువులందరికీ చెప్పింది కాబట్టి మళ్ళీ ఇక్కడ ఎందుకు? ఫారాలు నింపడం ఆఫీసువాళ్ళే నేర్పుతారు. వాళ్ళు నేర్పని సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిలో సగం నేను తప్పులు చేసి నేర్చుకున్నవే.

‘నెట్ రాలేదు’ అంటే

ఈ మాటకు మా జిల్లాలో చాలా అర్థాలున్నాయి. ఒకాయన ఫోన్ చేసి నెట్ రాలేదని నా మీద అంతెత్తున లేచాడు. మామిడి లారీల వెనకాల దుమ్ము మింగుతూ బంగారుపాళ్యం దాకా పోయాను. తీరా చూస్తే ఆయన టీవీ రిమోట్‌లో బ్యాటరీలు అయిపోయాయి. ఎదురు కొట్టులో రెండు కొనుక్కొచ్చి వేశాను. ఆయన నన్ను పెద్ద ఇంజనీరునని పొగిడి, వచ్చేటప్పుడు ఒక సంచి మామిడికాయలు కూడా ఇచ్చాడు.

తిరుపతిలో కొండ దగ్గరి వీధిలో ఇంకొక ఇల్లు. సాయంత్రం నాలుగైతే నెట్ పోతుందని ఫిర్యాదు. నేను పొద్దున పదింటికి పోయి చూస్తే దివ్యంగా ఉండేది. నాలుగుసార్లు తిరిగి, ఐదోసారి కాస్త బుద్ధి వచ్చి నాలుగింటికి మిద్దెక్కాను. కోతుల గుంపు ఆ ఇంటి నుంచి పక్కింటికి మా కేబుల్ పట్టుకుని ఊగుతూ దాటుతోంది. రిజిస్టరులో కారణం అనే చోట ‘కోతులు’ అని రాస్తే, ఆఫీసులో ఒప్పుకోలేదు. ‘బయటి ఒత్తిడి’ అని మార్చి రాస్తే సంతకం పెట్టారు.

ఆ రోజుల్లో మా సూపర్‌వైజరు గురప్ప సార్. ఆయన ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్ళు అడిగేవాడు. కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు చెప్పేదంతా వినేవాడు. నాకేమో ఒళ్ళు మండేది. నేను అప్పటికే పెట్టె మూత విప్పేసి ఉండేవాణ్ణి.

"ఏమబ్బా మునిరత్నం, గడప దాటతానే స్క్రూడ్రైవర్ తీస్తావే" అనేవాడు. "వాళ్ళు ఆ పెట్టె ముందర నెలంతా కూర్చోనుండారు. నువ్వు వచ్చి పది నిమిషాలు కాలేదు. ఎవరికి ఎక్కువ తెలుస్తాది?"

ఆయనకు మోకాళ్ళ నొప్పులు, నిచ్చెన ఎక్కలేక కబుర్లు చెబుతున్నాడని అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆయనకు కొత్త సామాను గురించి పెద్దగా తెలియదు కూడా. వైఫై అనే మాటను ఆయన చివరిదాకా ‘వైపై’ అనే పలికాడు. అయినా ఆయన పోయిన ఇంటికి రెండోసారి ఎవరమూ పోవలసి వచ్చేది కాదు. ఆయన రిటైరయ్యాక ఆ పద్ధతి మాలో ఎవరికీ గుర్తులేకుండా పోయింది. నాకైతే అసలే లేదు.

ఎస్తేరు ఉద్యోగం

నా సర్వీసు చివరి ఏడాదిలో పాకాల నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. స్టేషన్ వెనక వీధిలో రెండు గదుల ఇల్లు. ఎస్తేరు అనే అమ్మాయి, వాళ్ళ అత్త రాజమ్మ ఉంటారు. ఎస్తేరు భర్తది రైలు పట్టాల మీద పని, నేను పోయినప్పుడెప్పుడూ డ్యూటీలోనే ఉన్నాడు.

ఎస్తేరు పుట్టింది కాట్పాడి పక్క పల్లెలో. చదివింది తమిళంలో. పెళ్ళయి పాకాలకు వచ్చాక తెలుగు నేర్చుకుంది. "మా అత్త తిట్లతోనే నేర్చుకున్నాను సార్" అని నవ్వింది. లోపలి నుంచి రాజమ్మ, "ఇంగా సగం తిట్లు నేర్పలేదప్పా" అని కేకేసింది.

ఆ రెండు భాషలే ఆ పిల్లకు ఉద్యోగం తెచ్చాయి. మన వైపు జనం వైద్యానికి తమిళనాడు పోవడం మామూలే కదా. అక్కడ ఒక ఆస్పత్రిలో డాక్టరుకు తెలుగు రాదు, పేషెంటుకు తమిళం రాదు. ఎస్తేరు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, వీడియోలో డాక్టరు తమిళంలో చెప్పింది విని పేషెంటుకు తెలుగులో చెప్పాలి, పేషెంటు చెప్పింది విని తమిళంలో డాక్టరుకు చెప్పాలి. జీవితంలో మొదటి ఉద్యోగం. నెల రోజులు చూసి నచ్చితే ఉంచుకుంటామన్నారు.

కంప్యూటరు మాత్రం తిరుపతిలో కొన్న పాత లాప్‌టాప్. మామూలుగా అందరూ వాడే విండోస్ వేస్తే అది రొప్పుతుందని, దుకాణదారు లినక్స్ వేసిచ్చాడు. లినక్స్ అంటే కంప్యూటరును నడిపించే ఇంకొక ఏర్పాటు, ఉచితం, తేలిక, పాత మిషన్లకు బాగా సరిపోతుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు తెలిసింది, దాని పేరు వింటే మా ఆఫీసులో అందరూ ఇంకొకరి పేరు చెప్పి తప్పుకుంటారని మాత్రమే.

ఇబ్బంది ఏమిటని అడిగాను. ఆ పిల్ల చాలా ఆలోచించి చెప్పింది.

"నేను మాట్లాడతా ఉంటే బాగుంటాది సార్. నోరు మూసుకోని డాక్టరు చెప్పేది వింటా ఉండానా, అప్పుడు నిద్రపోతా ఉండాది."

నేను పగలబడి నవ్వాను. "నెట్టు నిద్రపోదు పాపా, తెగిపోతాది" అన్నాను.

ఎస్తేరు మొహం చిన్నబోయింది. "అవును సార్, తెగిపోతాది" అని నా వెనకాలే ఆ మాట ఒకసారి పలికి చూసుకుంది. నేను రిజిస్టరులో ‘తరచుగా తెగిపోతోంది’ అని రాసుకున్నాను.

రెండుసార్లు పోయి నేను చేసిన ఘనకార్యం

రౌటరు, అంటే నెట్‌ను గాలిలో పంచే ఆ చిన్న పెట్టె, ఇనప బీరువాకూ గోడకూ మధ్య ఇరుక్కుని ఉంది. దాన్ని తీసి పుస్తకాల అలమర మీద పెట్టాను. ఆ వీధిలో వైఫైలన్నీ ఒకే చానల్ మీద, అంటే గాలిలో ఒకే దారిలో, కొట్టుకుంటున్నాయి. మా పెట్టెను ఖాళీ చానల్‌కు మార్చాను. ఇవి రెండూ చేయాల్సిన పనులే. మీరూ చేయండి.

లాప్‌టాప్ తెరవబోతుంటే రాజమ్మ వచ్చి చార్జరు ప్లగ్గు పెట్టింది. "సార్ చేతిలో ఆరిపోతే మర్యాదగా ఉండదు" అంది. ఎంత మంచి ఇల్లు అనుకున్నాను. గంటసేపు పరీక్ష చేశాను. ఒక్కసారి కూడా ఆగలేదు. కాఫీ తాగి, ఈల వేసుకుంటూ వచ్చేశాను.

మూడో రోజు మళ్ళీ అదే ఇంటి నుంచి ఫిర్యాదు. మళ్ళీ పోయాను. మళ్ళీ చార్జరు, మళ్ళీ కాఫీ, మళ్ళీ నెట్ బంగారంలా ఉంది. ఈసారి ఎస్తేరు, "తెగిపోతా ఉండాది సార్" అని మాత్రమే అంది. నిద్ర ఊసు ఎత్తలేదు.

మన వృత్తిలో ఒక చెడ్డ అలవాటుంది. మనకు తెలియనిది ఏది కనిపిస్తే నేరం దాని మీద వేస్తాం. నేను లినక్స్ మీద వేశాను.

"ఇది తీసేసి అందరూ వాడేది ఏయించుకో పాపా" అన్నాను.

"అది ఏస్తే లాప్‌టాప్ లేసేదానికే అర్ధగంట పడతాది సార్. పేషెంట్లు అంతసేపు ఉండరు."

"అయితే నా చేతిలో ఏమీ లేదు" అని చెప్పి, ‘మా లైను సరిగా ఉంది, లోపం కస్టమరు కంప్యూటరులో’ అని రాసి సంతకం పెట్టించుకున్నాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. దానివల్ల ఆ పిల్లకు వీసమెత్తు ఉపయోగం కూడా లేదు. నా సర్వీసులో నేను రాసిన వాటిలో ఇప్పటికీ తలుచుకుంటే చిరాకేసే వాక్యం అదే.

తర్వాతి వారం ఎస్తేరు నేరుగా నాకే ఫోన్ చేసింది. ఒక ముసలాయనకు డాక్టరు ఫలానా మాత్రలు పరీక్షకు ముందు రెండు రోజులు ఆపేయమని చెబుతున్నాడట. ఎస్తేరు వింటోంది. మాత్రల పేరు వినబడింది. ఆపాలా, వేసుకోవాలా అన్న దగ్గర బొమ్మ బిగుసుకుపోయింది. ఆస్పత్రివాళ్ళు వేరే మనిషిని పట్టుకుని ఆ ముసలాయనకు సరిగ్గా చెప్పించారు కాబట్టి ఏమీ కాలేదు. ఎస్తేరుకు మాత్రం కబురు వచ్చింది.

"శుక్రవారం ఒకటే సార్. అది గూడా మధ్యలో పోతే ఇంగ వద్దన్నారు. వాళ్ళను తప్పు పట్టలేను. సగం మాట చెప్పే మనిషి ఎవరికి కావాల?"

చేతులు ఒళ్ళో పెట్టుకుని

గురువారం పొద్దున్నే పోయాను. ఈసారి సంచి బయట బండి మీదే వదిలేశాను. లోపలికి పోయి మంచినీళ్ళు అడిగి, కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. రాజమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాగలేదా అప్పా?" అని అడిగింది.

"పాపా, నేను లేననుకో. రేపు ఎట్ల చేస్తావో అట్లే ఇప్పుడు చెయ్యి" అన్నాను.

డాక్టరు స్థానంలో తన చెల్లెల్ని వీడియోలో పిలుస్తానంది. "అది నిలపకుండా మాట్లాడతాది సార్, డాక్టరు కంటే ఎక్కువ." తెర మీద ఒక మూల పింగ్ అనే పరీక్ష పెట్టించాను. లాప్‌టాప్ సెకనుకొకసారి రౌటరును ‘ఉన్నావా’ అని పిలుస్తుంది, అది ‘ఉన్నా’ అంటుంది, ఆ జవాబు ఎంతసేపటికి వచ్చిందో, సెకనులో వెయ్యో వంతుల లెక్కన, అంకె పడుతుంది. మూడు, మూడు, నాలుగు, మూడు. ఏ దిగులూ లేదు.

ఎస్తేరు హెడ్‌ఫోన్ తలకు పెట్టుకుంది. చెల్లెలు తమిళంలో మొదలుపెట్టింది. వంటింట్లోంచి రాజమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరితోనూ ఏమీ అనకుండా గోడకున్న చార్జరు పీకి, తీగ చుట్ట చుట్టి చేతిలో పట్టుకుని పోయింది. ఎస్తేరు తల కూడా తిప్పలేదు. రోజూ జరిగేదే కాబోలు.

తెర మీద అంకె రెండు వందలైంది. నాలుగు వందలైంది. ఆ తర్వాత జవాబు రావడం మానేసింది. చెల్లెలు నోరు తెరిచినట్టే బిగుసుకుపోయింది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "అమ్మా, ఎందుకు పీకినావు?"

"ఎందుకా? చార్జింగు పెట్టుకోని మాట్లాడితే పేలిపోతాది గదప్పా. మా తమ్మునోళ్ళ ఊర్లో ఒకనికి ఫోను సెవి కాడ పేలింది."

"నువ్వు చూసినావా?"

"పేలినాక ఇంగ సూసేదేముండాది?"

"మరి నేను వచ్చినప్పుడంతా పెట్టినావే?"

"నువ్వు ఆ టోపీ తలకు పెట్టుకోలేదు గదా" అంది, హెడ్‌ఫోన్ చూపించి. "అయినా కోడలు మాది. అదేమన్నా అయితే కొడుక్కి నేనేం చెప్పాల?"

అప్పుడు నా బుర్రలో ఒక మాట మెదిలింది. నిద్ర.

లాప్‌టాప్ చార్జరు మీద ఉన్నప్పుడు ధారాళంగా ఖర్చు పెడుతుంది. బ్యాటరీ మీదికి రాగానే పొదుపు మొదలుపెడుతుంది. ఆ దుకాణదారు పాత బ్యాటరీ ఎక్కువసేపు రావాలని మంచి ఉద్దేశంతోనే ఒక పొదుపు ప్రోగ్రాం పెట్టి ఉంచాడు. ఆ ప్రోగ్రాం వైఫై కార్డును, పంపే పని లేనప్పుడు కాస్త కునుకు తియ్యమంటుంది. మంచి కార్డయితే రౌటరు పిలవగానే లేస్తుంది. ఈ పాత కార్డు లేవదు. ఎస్తేరు కెమెరా వాడదు, గొంతు మాత్రమే పంపుతుంది. తను మాట్లాడుతున్నంతసేపూ కార్డుకు చేతి నిండా పని కాబట్టి మేలుకుని ఉంటుంది. తను నోరు మూసుకుని వింటే అది నిద్రపోతుంది. ఆ పిల్ల మొదటి రోజే నాకు జబ్బు పేరు చెప్పింది. నేను ఆ మాటను దిద్దాను. రెండోసారి నేను నేర్పిన మాటే నాకు తిరిగి అప్పజెప్పింది.

నాకు లినక్స్ కమాండ్లు రావు. ఫోనులో వెతికి నేను అక్షరం అక్షరం చదువుతుంటే ఎస్తేరు టైపు చేసింది. వైఫై పొదుపు ఎలా ఉందని అడిగితే ‘ఆన్’ అని జవాబు వచ్చింది. ఎస్తేరు తల మీది ‘టోపీ’ తీయించి, రాజమ్మ చేతిలోంచి చార్జరు తెచ్చి, ప్లగ్గు పెట్టి అడిగితే ‘ఆఫ్’. ప్లగ్గు పీకాం, ‘ఆన్’. చేత్తో ‘ఆఫ్’ చేశాం, చెల్లెలు కదిలింది. సంబరపడి ప్లగ్గు పెట్టి పీకితే మళ్ళీ ‘ఆన్’. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు, జాగ్రత్త. పొదుపు ప్రోగ్రాం ప్రతిసారీ తన మాటే నెగ్గించుకుంటుంది. దాని సెట్టింగుల ఫైలు తెరిచి, బ్యాటరీ మీద వైఫై పొదుపు అన్న వరుసలోనే ‘ఆఫ్’ అని రాసి భద్రం చేశాం. లాప్‌టాప్ ఆపి మళ్ళీ వేశాం. ప్లగ్గు లేకుండా నలభై నిమిషాలు చెల్లెలు మాట్లాడింది. ఒక టైలరు తన జాకెట్టు ఎలా పాడుచేశాడో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. నాకు తమిళం అంతంత మాత్రం, అయినా ఆ టైలరు మీద నాకే కోపం వచ్చింది.

"మొదటి రోజే చెప్పినావు పాపా, నేనే వినలేదు" అన్నాను.

"నాకు తెలుగు సరిగ్గా రాక ఆ మాట వాడినానేమో అనుకున్నాను సార్" అంది ఎస్తేరు.

మాటలు పొల్లుపోకుండా చేరవెయ్యడమే ఆ పిల్ల ఉద్యోగం. దానిలోనే అనుమానం పుట్టించి వచ్చాను నేను, అదీ నవ్వుతూ. నాకు చాలా సిగ్గేసింది. సిగ్గేసిందని ఆమెతో చెప్పాను కూడా.

మీ సంచిలో వేసుకోవలసినవి

ఇలాంటి ఇల్లు మీకూ తగులుతుంది. ముందు రౌటరుకు పింగ్ పెట్టండి. అది సరిగ్గా ఉండి బయటి నెట్ మాత్రం రాకపోతే తప్పు మన లైనుదే, కస్టమరు మీద నెట్టకండి. రౌటరుకే జవాబు రాకపోతే ఒక వైరు తెచ్చి లాప్‌టాప్‌కు నేరుగా పెట్టి చూడండి. వైరు మీద బాగుంటే తేడా వైఫై కార్డులో, గాలిలో, లేదా సెట్టింగుల్లో ఉంది. చార్జరు పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. లినక్స్ కనిపిస్తే జడుసుకోకండి. అడిగితే అది దాపరికం లేకుండా చెబుతుంది, మనకు అడగడం రావాలంతే. ఇంట్లో వాళ్ళు రోజూ ఎలా వాడతారో అలాగే వాడించి చూడండి. మనం పోయినప్పుడు ఇల్లు కూడా మంచి చీర కట్టుకుంటుంది.

అన్నిటికంటే ముందు, వాళ్ళు చెప్పిన మాట వాళ్ళు చెప్పినట్టే రాసుకోండి. మీ మాటలోకి మార్చకండి.

శుక్రవారం

ఆ రోజు నాకు పాకాలలో పని లేదు. అయినా పోయాను. ఎస్తేరు తలుపు వేసుకుని లోపల కూర్చుంది, పేషెంట్ల మాటలు బయటివాళ్ళు వినకూడదని. నేను అరుగు మీద కూర్చున్నాను. నా పక్కన రాజమ్మ, ఒళ్ళో చార్జరు. కరెంటు కోడలి తల దగ్గరికి పోకుండా స్వయంగా కాపలా కాస్తోంది. చార్జరు పెట్టినా ఏమీ కాదని నేను ఆమెకు గంటసేపు చెప్పి ఓడిపోయాను. ఇప్పుడు అది లేకపోయినా పరవాలేదు కాబట్టి పోట్లాట మానుకున్నాను.

లోపల మాటలు గుసగుసగా మొదలయ్యాయి. కాసేపు తెలుగు, కాసేపు తమిళం. ఆ తర్వాత ఎస్తేరు గొంతు ఆగిపోయింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. డాక్టరు ఏదో పెద్ద సంగతే చెబుతూ ఉండాలి. లేదా ఆ కార్డు మళ్ళీ పడుకుని ఉండాలి. తలుపు బయట నుంచి ఈ రెండింటికీ తేడా తెలియదు.

"నిద్రపోయిందా ఏమప్పా?" అంది రాజమ్మ మెల్లగా.

తలుపు తట్టడానికి చెయ్యెత్తి, దించుకున్నాను. అన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ అంత భయపడలేదు.

"సరింగ డాక్టర్" అని తమిళంలో సరేనంది లోపల ఎస్తేరు. తర్వాత నిదానంగా, ఒక్కో మాటా వేరువేరుగా, బయటికి వినిపించేంత గట్టిగా తెలుగులో చెప్పింది.

"అమ్మా, బిడ్డకు ఆపరేషన్ పనిలేదంట. మందుతోనే నయమవుతాదంట. నేను మొత్తం విన్నానమ్మా. ఒక్క మాట గూడా పోలేదు. ఇంగ ఏడవద్దు."

ఆ తల్లి ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. రాజమ్మ చార్జరు అరుగు మీద పెట్టి, రెండు చేతులతో కళ్ళు తుడుచుకుంది.